పసుపు చున్నీ, ఉత్తర దిక్కు

అంతర్జాతీయ ఆటల పోటీలు మొదలవుతున్నాయని ఊరి మీది ఆకాశానికి పదిరోజులు తాళం వేశారు. డ్రోన్లు, గాలిపటాలు, గ్యాసు బెలూన్లు, ఏవీ ఎగరకూడదట. స్టేడియం పక్కనే ఉన్న టైలరమ్మాయి వాళ్ళ డాబా మీద ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టారు. మెడలో బైనాక్యులర్స్, చేతిలో నోట్‌బుక్. ఉద్యోగంలో చేరి ఇంకా నెల కాలేదు.

మొదటిరోజే తగువు. ఆరేసిన బట్టలకు క్లిప్పులు గట్టిగా పెట్టమన్నాడు.

"కాకులకి కూడా చెప్పారా?" అంది అమ్మాయి.

"వాటికి పర్మిషన్ ఉందండీ," అన్నాడతను, నవ్వకుండా.

ఆ నవ్వకపోవడమే ఆమెకు నచ్చింది.

అతనికొచ్చిన చిక్కు వేరు. పావుగంటకోసారి ఏం కనిపించిందో పుస్తకంలో రాయాలి, గడి ఖాళీగా వదలకూడదని ఆర్డరు. అన్నీ ఆపేశాక ఆకాశంలో ఏముంటుంది? కనిపించిందే రాశాడు. 'నాలుగు గంటలు. పసుపు చున్నీ. ఉత్తరం వైపు ఎగురుతోంది. ప్రమాదం లేదు.' మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

తొమ్మిదోరోజు ఇన్‌స్పెక్టర్ ఆ పుస్తకం తిరగేసి ఉలిక్కిపడ్డాడు. రోజూ ఒకే టైము, ఒకే రంగు, ఒకే దిక్కు. ఎవరో ఎవరికో సైగ చేస్తున్నారని ఆయనకి అనుమానం. అమ్మాయినీ, వాళ్ళమ్మనీ డాబా మీదికి పిలిపించి, స్టేషనుకి రావాల్సి ఉంటుందన్నాడు. తల్లి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెళ్ళీడు పిల్ల పోలీసు జీపెక్కితే ఇంకేమన్నా ఉందా?

కానిస్టేబుల్ ముఖం పాలిపోయింది. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఆమె జీపెక్కుతుంది.

"సైగ కాదు సార్," అన్నాడు చివరికి. "నాలుగింటికి ఆవిడ వస్తారు. ఆవిడ గురించి రాస్తే బాగుండదని చున్నీ గురించి రాశాను. తప్పు నాది. నా ఉద్యోగం తీసేయండి, ఆవిణ్ణి వదిలెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ అమ్మాయి వైపు తిరిగి, రోజూ ఆ ఒక్క చున్నీయే ఉతుకుతావా అని అడిగాడు. ఆమె తల వంచుకుంది.

"ఉతికింది మొదటిరోజే సార్. తర్వాత రోజూ పొడిదే ఆరేశాను."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. దొంగలిద్దరూ గట్టిగా అడక్కముందే ఒప్పేసుకున్న కేసు ఆయన సర్వీసులో ఇదే మొదటిదట. మందలింపుతో సరిపెడతానని, ఆఖరిరోజుకి మాత్రం అతన్ని వేరే డాబాకి మారుస్తానని అన్నాడు.

అప్పటిదాకా జీపంటే భయపడ్డ తల్లికి ఇప్పుడు ఇంకో కంగారు పట్టుకుంది. ఆ వేరే డాబా మీద ఎవరి చున్నీ ఉంటుందో!

"ఆ ఒక్కరోజూ అబ్బాయిని ఇక్కడే ఉండనివ్వండి బాబూ," అంది. "ఆటలయ్యాక వాళ్ళ అమ్మగారిని తీసుకురమ్మనండి. మేం మాట్లాడుకుంటాం."

కానిస్టేబుల్ టక్కున సెల్యూట్ కొట్టాడు. ఇన్‌స్పెక్టర్‌కి కాదు, ఆ తల్లికి.