అడుగు కనపడని సంచి

జోస్లిన్ గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. రెండో అరికాలికి ఎర్రటి ప్లాస్టిక్ బొమ్మ ఇటుక గుచ్చుకుని ఉంది. చేతిలో పదకొండు మందికి సరిపడా శాండ్‌విచ్‌ల పళ్ళెం.

"బ్రైడీ!"

"నేను కాదమ్మా, గస్!" వెనక గదిలోంచి జవాబొచ్చింది.

"ఏం జరిగిందో నేనింకా చెప్పనేలేదు."

"చెప్పకపోయినా గస్సే."

గస్‌కి నాలుగేళ్ళు. అక్క బ్రైడీకి తొమ్మిది. వాళ్ళిద్దరూ కలిస్తే ఇల్లు పీకి పందిరి వెయ్యడానికి అరగంట చాలు. పైగా బడికి సెలవులు. అది చాలదన్నట్టు గొర్రెల ఉన్ని కత్తిరింపుకి ఆఖరి రోజు. ఇంటి వెనక, పొలం అవతల ఉన్న రేకుల షెడ్డులో పొద్దున్నుంచీ మర కత్తెరలు బర్రుమంటూనే ఉన్నాయి. అక్కడ పనిచేసే వాళ్ళందరికీ రెండు పూటలా టీ, కేకు, మధ్యాహ్నం భోజనం జోస్లిన్ బాధ్యత.

బొమ్మలు పెట్టుకోవడానికి ఏం కొనాలన్న చర్చ ఆ ఇంట్లో ఈస్టర్ నుంచీ నడుస్తోంది. ఒక దేశానికి రాజ్యాంగం రాయాలన్నా ఈపాటికి అయిపోయేది. అమ్మకి గోడకి అరలు కావాలి. నాన్న డగ్‌కి చర్చ ఆగిపోతే చాలు. బ్రైడీకి మాత్రం టౌన్లో హార్డ్‌వేర్ షాపులో ఉన్న నీలం పెట్టె కావాలి. దానికి మూతుంది. చక్రాలున్నాయి. లోపల గస్ కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు.

"అన్నీ అందులో పడేసి మూతేస్తే సరి. ఇల్లు నీట్‌గా ఉంటుందమ్మా."

"ఇల్లు నీట్‌గానే ఉంటుంది. పెట్టె సంగతో?"

చివరికి రెండు వారాల క్రితం జోస్లిన్ విసుగెత్తి షెడ్డుకి వెళ్ళింది. ఉన్ని నింపే కొత్త సంచి ఒకటి తెచ్చి వరండాలో నిలబెట్టింది. తెల్లటి నైలాన్ సంచి, బ్రైడీ ఛాతీ దాకా వస్తుంది. అలాంటి దాన్లో ఉన్ని కుక్కి ప్రెస్సుతో అదిమితే ఒక బేలవుతుంది.

"కత్తిరింపు అయ్యేదాకా ఇదే మీ పెట్టె," అంది.

బ్రైడీకి అది తెగ నచ్చింది. సర్దడం నిమిషంలో అయిపోయేది. కాకపోతే, కావలసిన బొమ్మ ఎప్పుడూ అడుగునే ఉండేది. తలకిందులుగా దూకి వెతకాలి. లేదంటే సంచి మొత్తం బోర్లించాలి. రోజుకి నాలుగుసార్లు బోర్లించేవాళ్ళు. అమ్మ అరికాలికి ఇటుకలు అలా దొరికేవి.

ఆ ఆఖరి రోజు మధ్యాహ్నం డగ్ జీపు దిగి గబగబా వచ్చాడు.

"జోస్, ఒక సంచి తక్కువైంది."

"ఏ సంచి?" జోస్లిన్ కేకుని అక్కర్లేనంత శ్రద్ధగా కోయసాగింది.

"అరవై తెప్పించాను. యాభైతొమ్మిదే ఉన్నాయి. ఇంకో బేలుకి సరిపోయే ఉన్ని అలాగే పడుంది. సంచికి కాళ్ళొచ్చి ఎటో వెళ్ళిపోయినట్టుంది."

"ఎటో ఏముంది? వరండా దాకానే వచ్చింది."

డగ్ వరండాలోకి చూశాడు. సంచిలోంచి బొమ్మ జిరాఫీ ఒకటి తల బయటపెట్టి ఆయన్నే చూస్తోంది.

"జోస్! నాలుగింటికి లారీ వస్తుంది. టౌన్‌కి వెళ్ళి రావడానికే రెండు గంటలు!"

"అయితే ఇదే పట్టుకుపో. దాన్నేమైనా పెట్లో పెట్టి తాళం వేశానా? పెట్టె కొంటేగా!"

డగ్ ఇక జోస్లిన్‌తో మాట్లాడి లాభం లేదనుకుని కూతురి వైపు తిరిగాడు.

"బ్రైడీ, ఇది ఖాళీ చెయ్. లోపలి వైపు బయటికి తిరగేసి దులుపు. మూలలు చేత్తో చూడు. నలుసు కూడా ఉండకూడదు. నోరీన్ సంగతి తెలుసుగా?"

తెలియకేం. ఉన్నిని నాణ్యత చూసి వేరుచేసేది నోరీన్. ప్రతి బేలు మీదా వరస నంబరుతో పాటు ఆవిడ సొంత గుర్తింపు నంబరు కూడా పడుతుంది. గడ్డిమోపులు కట్టే నీలం ప్లాస్టిక్ తాడు ముక్క షెడ్డులో కనపడితే చాలు, పని ఆపించి మరీ "ఇది ఎవరిది?" అని అడుగుతుంది. ఆ తాడు పోగు ఒక్కటి ఉన్నిలో కలిసినా బట్ట దాకా పోతుంది. దానికి రంగు పట్టదు. బట్ట నేసే మిల్లు వాళ్ళు మళ్ళీ ఆ ఫారం ఉన్ని వంక చూడరు.

బ్రైడీ సంచిని గదిలోకి లాక్కెళ్ళి మంచం పక్కన బోర్లించింది. గలగలమంటూ అన్నీ పడ్డాయి. జీపులో నాన్నతో వెళ్తే ఆఖరి గొర్రె కత్తిరింపు చూడొచ్చు. అప్పుడు అందరూ ఈలలు వేస్తారు. అది ఏడాదికి ఒక్కసారే. సంచిలో చెయ్యి పెట్టింది. అడుగు అందలేదు.

బయట హారన్ మోగింది.

"దులిపావా?" అన్నాడు డగ్.

"దులిపాను."

"మూలలు చూశావా?"

"చూశాను."

చూసింది, నిజమే. పైనుంచి, ఒంటి కన్నుతో.

షెడ్డులో ప్రెస్సు దగ్గర కెల్విన్ ఉన్నాడు. తలుపు పట్టనంత మనిషి. సంచి అందుకుంటూ, "లోపల శుభ్రమేనా?" అన్నాడు.

"మా అమ్మాయి చూసింది," అన్నాడు డగ్.

కెల్విన్ ఇంకో మాట అడగలేదు. సంచిని ప్రెస్సులో బిగించాడు. ఆఖరి గొర్రె తెల్లగా, చలికి వణుకుతూ బయటికి పరిగెత్తింది. అందరూ ఈలలు వేశారు. బ్రైడీ అందరికంటే గట్టిగా వేసింది.

ఇంటికొచ్చేసరికి గస్ బొమ్మల గుట్ట మధ్య కూర్చుని ఏడుస్తున్నాడు.

"అక్కా, పెప్పర్ లేదు."

పెప్పర్ అరచేతిలో పట్టే చెక్క కుక్క. గస్ దాన్ని తాడు కట్టి లాక్కుంటూ తిరుగుతాడు. తాడు జడలా అల్లి కట్టింది బ్రైడీయే.

నీలం తాడు.

బ్రైడీ గుట్టంతా కెలికింది. మంచం కింద దూరింది. దిండు గలీబు దులిపింది. దులపాల్సింది అది కాదని ఆమెకి తెలుసు.

ఎవరికీ చెప్పకపోతే? బేలు లారీ ఎక్కుతుంది. తర్వాత ఓడ ఎక్కుతుంది. ఎక్కడో, ఎవరో విప్పుతారు. పైన నోరీన్ నంబరుంటుంది. ఫారం పేరుంటుంది. తన పేరు ఎక్కడా ఉండదు.

'మా అమ్మాయి చూసింది.'

బ్రైడీ చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డుకి పరిగెత్తింది.

అక్కడ లారీ రివర్సులో తలుపు దగ్గరికి వస్తోంది. కెల్విన్ బూట్లు విప్పి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నోరీన్ ఆఖరి బేలు మీద నంబరు వెయ్యడానికి బ్రష్షు నల్లరంగులో ముంచింది.

"నాన్నా!"

లారీ మోతలో ఎవరికీ వినపడలేదు.

"నాన్నా! నేను మూలలు చూడలేదు!"

ఈసారి అందరికీ వినపడింది. సరిగ్గా అప్పుడే డ్రైవరు ఇంజను ఆపాడు మరి.

డగ్ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "చూశానన్నావుగా?"

"అన్నాను. చూడలేదు. పెప్పర్ అందులో ఉంది."

"కుక్కా? బతికే ఉందా?" లారీ డ్రైవరు కంగారుపడ్డాడు.

"చెక్కది. మెడలో నీలం తాడుంది."

నోరీన్ బ్రష్షు గాల్లోనే ఆగిపోయింది. కెల్విన్ తన బూట్ల వంక దిగులుగా చూశాడు. "నూట ఎనభై కిలోలు. ఇప్పుడే విప్పాను తల్లీ, ఇప్పుడే!"

"ఇంకేమైనా ఉన్నాయా?" అంది నోరీన్.

లేవని చెబితే బాగుండేది. "తెలీదు," అంది బ్రైడీ.

"అయితే మొత్తం తియ్యాల్సిందే."

కెల్విన్ బూట్లు తొడుక్కుని బేలు మూతికి ఉన్న ఇనప క్లిప్పులు ఊడదీశాడు. ఉన్ని ఉబ్బుతూ పైకొచ్చింది. "కుక్క ఎక్కడుంటుంది?"

"అడుగున."

"అంతేలే. కావలసింది పైనెందుకుంటుంది?"

"మా ఇంట్లో రోజూ ఇదే భాగోతం," అంది అప్పుడే కేకు తెచ్చిన జోస్లిన్. ఆ సంచిని ఇంటికి తెచ్చిందెవరో ఎవరైనా అడుగుతారేమోనని వెంటనే టీ పొయ్యడంలో మునిగిపోయింది.

బ్రైడీ బల్ల దగ్గర నిలబడింది. కెల్విన్ తీసిన ప్రతి గుప్పెడూ విప్పి చూసింది. ఉన్ని జిడ్డుకి చేతులు మోచేతుల దాకా మెరిశాయి. కాళ్ళు పీకాయి. లారీ డ్రైవరు నాలుగు ముక్కల కేకు తిన్నాడు. అందరి కోసం వేయించిన సాసేజీలు చల్లారి గట్టిపడ్డాయి. చల్లారిన సాసేజీ గురించి ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. ఆ మాటలు తనకేనని బ్రైడీకి తెలుసు.

మొదటి మూలలో తలపిన్ను దొరికింది. రెండో మూలలో సగం బిస్కట్. మూడో దాన్లో ఏమీ లేదు. నాలుగో మూలలో, ఉన్నిలో చుట్టుకుపోయి, పెప్పర్.

నోరీన్ తాడుని వెలుతురులోకి పట్టుకుంది. "మూడు పోగుల జడ. అంతా ఉన్నట్టేనా?"

బ్రైడీ 'ఉంది' అనబోయింది. ఆగింది. తాడు తీసుకుని, జడ విప్పి, ఒక్కో పోగూ వేళ్ళతో తడిమింది.

"ఒక పోగు చివర పీచు లేచింది. కొంచెం ఊడిందేమో."

షెడ్డులో నిట్టూర్పులు వినపడ్డాయి. అన్నిటికంటే పెద్దది కెల్విన్‌ది. చివరి గుప్పెళ్ళు మళ్ళీ బల్ల మీద పరిచారు. చాలాసేపటికి, గోరంత నీలం పీచు దొరికింది. దొరికింది బ్రైడీకే.

నోరీన్ తన టీ కప్పు బ్రైడీ వైపు జరిపింది.

కెల్విన్ ఖాళీ సంచిని బ్రైడీ ముందు పడేశాడు. "ఊఁ, కానియ్."

బ్రైడీ సంచిలోకి దూరింది. కాసేపు పాదాలు మాత్రమే బయటికి కనిపించాయి. నాలుగు మూలలూ తడిమింది. తర్వాత మొత్తం తిరగేసి, ఆరుబయట దులిపి, మళ్ళీ తిరగేసింది.

"శుభ్రమేనా?" అన్నాడు కెల్విన్. ఈసారి డగ్‌ని అడగలేదు.

"శుభ్రమే."

కెల్విన్ ఉన్ని మళ్ళీ కుక్కి అదిమాక, నోరీన్ బేలు మీద 60 అని వేసింది.

సోమవారం జోస్లిన్ బ్రైడీని టౌన్‌కి తీసుకెళ్ళింది. నీలం పెట్టె షాపులో అక్కడే ఉంది.

"కొనేస్తాను," అంది జోస్లిన్. "ఇంక చర్చించే ఓపిక నాకు లేదు."

బ్రైడీ మూత తెరిచింది. చంక దాకా చెయ్యి పెట్టింది. వేళ్ళు గాల్లోనే ఆడాయి. మూత వేసేసి, మొక్కల సామాన్ల వైపు నడిచింది. అక్కడ నారు పోసుకునే చెక్క ట్రేలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకదాన్లో చెయ్యి పెట్టింది. మణికట్టు మునగకముందే అడుగు తగిలింది. ఆరు ట్రేలు తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"ఆ పెట్టెలో అయితే అన్నీ ఒకేసారి పట్టేస్తాయి కదమ్మాయ్?" అన్నాడు షాపాయన.

"గొడవంతా అదేనండీ," అంది బ్రైడీ.

జోస్లిన్ పర్సు కోసం హ్యాండ్‌బ్యాగు తెరిచింది. తాళాలు తీసింది. రెండు కళ్ళజోళ్ళు తీసింది. గస్ సాక్సు ఒకటి, ఈస్టర్ నాటి చాక్లెట్ కాగితం ఒకటి తీసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి, "ఎక్కడో అడుగున ఉండాలి," అని గొణిగింది.

బ్రైడీ వెనక్కి వెళ్ళి ఏడో ట్రే తెచ్చింది.