పగలని గాజుపట్టీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడమని మాత్రం అనలేదు, బహుశా అంత ధైర్యం చాలక. ఆ సాయంత్రం ఆఫీసు మెట్లెక్కి వచ్చిన టీచరమ్మ మొహం చూడగానే టైపిస్టుకి తట్టిన మాట ఇదే.

టైపిస్టు పనిచేసేది దుర్భిణమ్మ దగ్గర. ఏభై దాటిన ప్రైవేటు డిటెక్టివ్ ఆవిడ. ఆవిడ అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. నిజానికి ఆవిడ దగ్గర దుర్భిణి కూడా లేదు, ఉన్నవి రెండు కళ్లే. ఆ కళ్లంటే టైపిస్టుకి భక్తి. తొమ్మిదేళ్లుగా ఆవిడ కేసులన్నీ టైపు చేస్తూ, ఒక్కసారైనా ఆవిడకంటే ముందు దొంగని పట్టలేకపోయాడు పాపం.

“రేపు పదింటికి రిజిస్ట్రేషనండీ,” అంది టీచరమ్మ. “మాకిదే మొదటి ఇల్లు. పదకొండేళ్లు దాచుకున్నదంతా దీనికే పెడుతున్నాం. వెనకగది గోడకి బీట ఉంటే, ఇంజనీరుగారు దాని మీద అడ్డంగా గాజుపట్టీ అతికించి నెలరోజులు చూద్దామన్నారు. గోడ కదిలితే గాజు పగులుతుందట. నిన్నటితో నెల అయింది. పగల్లేదు. కొనుక్కోవచ్చని రిపోర్టు రాసిచ్చారు.”

“మరి భయమెందుకమ్మా?”

“నెల కిందట ఆ గది తలుపు చిటికెనవేలితో తోస్తే పడేది. నిన్న భుజం పెట్టి తోసినా పడలేదు. వానకి చెక్క ఉబ్బిందంటారు మా ఆయన. ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపు ఆయనది, చెక్క సంగతి తెలిసిన మనిషే. అయినా నాకు నిద్ర పట్టట్లేదు. ఇప్పటికి ఎనిమిది అద్దె ఇళ్లు మారాను. సొంతిల్లే నెత్తిన కూలితే ఇంకెక్కడికి పోనండీ?”

“తలుపొకటి చెబుతోంది, గాజు ఇంకొకటి చెబుతోంది,” అంటూ దుర్భిణమ్మ చెప్పులేసుకుంది. “రెండిట్లో ఏదో ఒకటి అబద్ధమాడుతోంది. పదండి, చూద్దాం.”

ఖాళీ ఇంటి తాళం తీసింది ఇంటాయన, రిటైరైన పోస్టుమాస్టరు. దుర్భిణమ్మ లోపలికి వెళ్తూనే తలుపులన్నీ వేసి తీసింది. నాలుగు తలుపులు సుతారంగా పడ్డాయి. వెనకగదిది మాత్రం పైమూల దగ్గర పట్టేసింది. తర్వాత గాజుపట్టీ అంచుని వేలితో తడిమి, టైపిస్టునీ తడమమంది.

“ఏమనిపిస్తోంది?”

“ఏమీ లేదండీ. నున్నగా ఉంది.”

ఆవిడ “ఊఁ” అని ఊరుకుంది. పెరట్లోకి వెళ్లి, గోడ మొదట్లో గుప్పెడు మన్ను తీసి నలిపింది. అయిదు రోజులుగా చినుకు లేదు. మన్ను మాత్రం ముద్దగా ఉంది.

“ఈ నెలలో తాళంచెవి ఎవరెవరికిచ్చారు?” అని ఇంటాయన్ని అడిగింది.

“బ్రోకరు రెండుసార్లు తీసుకున్నాడు. ఈ అమ్మాయి భర్త ఒకసారి కిటికీల కొలతలకని వచ్చాడు. ఇంజనీరు నిన్న వచ్చారు. అంతేనమ్మా.”

ఇంకేముంది, బ్రోకరే అనుకున్నాడు టైపిస్టు.

మర్నాడు ఎనిమిదింటికి ఇంటాయన, టీచరమ్మ, తాళంచెవి తీసుకున్న ముగ్గురూ వెనకగదిలో చేరారు. దుర్భిణమ్మ నోరు విప్పీ విప్పకముందే, “ఆ గాజు నేను ముట్టుకోలేదు,” అన్నాడు బ్రోకరు.

“గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకండి. మిమ్మల్ని ఎవరూ అడగలేదు,” అందావిడ. “ఇంజనీరుగారూ, మీ సంచిలో ఇలాంటి పట్టీ ఇంకోటి ఉంటే మావాడికివ్వండి.”

టైపిస్టు అందుకున్నాడు. అందుకోగానే వేలు తెగింది.

“కోసిన గాజు అంచు అలాగే ఉంటుంది,” అన్నాడు ఇంజనీరు నొచ్చుకుంటూ.

“గోడ మీది పట్టీ అంచు నున్నగా ఉంది. అది మీరు పెట్టింది కాదు. మీది పగిలిపోయింది, ఎవరో మార్చారు. తలుపు పట్టేసింది వాన వల్ల కాదు. వాన ఇల్లంతటికీ కురిసింది కదా, ఈ ఒక్క తలుపుకేనా? గోడ కుంగి, ద్వారబంధం ఒరిగింది.”

ఇంజనీరు పట్టీని తడిమి చూసి తలదించుకున్నాడు. “పగిలిందా లేదా అనే చూశాను. అంచు చూడలేదమ్మా.”

“గోడకి అతికించే ముక్కకి అంచు అరగదీసే అవసరం ఎవరికీ లేదు. కానీ అలవాటైన చెయ్యి ఊరుకోదు. రోజూ గాజు కోసి, పట్టుకున్నవాళ్ల వేలు తెగకుండా అంచు రాయి మీద నూరే చెయ్యి.”

టీచరమ్మ మెల్లగా భర్త వైపు తిరిగింది. ఆయన తన అరచేతులు చూసుకుంటున్నాడు.

“కొలతలకొచ్చిన రోజే అది రెండు ముక్కలై ఉంది,” అన్నాడు. “కిందటి ఇల్లు ఖాళీ చేసినప్పుడు నువ్వు పెట్టె మీద కూర్చుని ఏడ్చావు. ఇంకోసారి అది చూడలేననుకున్నాను. కొన్నాక నేనే బాగుచేయిద్దామనుకున్నాను.”

“గోడ కూలితే ఏడవడానికి నేనుండేదాన్నా?” అంది టీచరమ్మ. ఆమెకి కోపం వచ్చింది, దుఃఖమూ వచ్చింది. “గోడ బీట వారితే చూపించడానికి ఇంజనీరుగారున్నారు. నువ్వు నా దగ్గర దాస్తే ఎవరికి చూపించను?”

ఇంజనీరు పెరట్లోకి వెళ్లి తవ్వించి చూశాడు. స్నానాలగది గొట్టం పగిలి, పునాది కింద మన్ను కొట్టుకుపోతోంది. గొట్టం మార్చి, పునాది గట్టి చేసి, మళ్లీ నెల చూడాలన్నాడు.

“నాకు తెలియదమ్మా, ఒట్టు. ఒకరి ఉసురు పోసుకుని అమ్మను,” అన్నాడు పోస్టుమాస్టరు. “ఖర్చు నాదే. రిజిస్ట్రేషన్ ఆపండి.”

పునాది పని పూర్తయిన రోజు దుర్భిణమ్మ, టైపిస్టు వెళ్లేసరికి, ఇంజనీరు కొత్త పట్టీ అతికించబోతున్నాడు. టీచరమ్మ దాన్ని తీసుకుని భర్త చేతిలో పెట్టింది.

“అంచు అరగదీసి నువ్వే పెట్టు,” అంది. “ఈసారి అది నీదేనని అందరికీ తెలియాలి. పగిలితే ముందు నాకే చెప్పాలి.”

ఆయన గుమ్మంలో కూర్చుని అంచు నూరడం మొదలెట్టాడు. టీచరమ్మ వెళ్లి ఆయన పక్కనే కూర్చుంది.