పావు వంతు మైళ్ళు

"ఈ టికెట్ కొట్టింది ఎవరండీ?"

మదనపల్లె బెంగుళూరు రోడ్డులోని ట్రావెల్స్ ఆఫీసు తలుపు తోసుకొని వస్తూనే అతనన్న మొదటి మాట అది. కౌంటర్ వెనక కూర్చున్న నీరజ తలెత్తి చూసింది. చెమట పట్టిన మొహం, చేతిలో నలిగిన కాగితం.

"నేనే సార్. ఏమైంది?"

"ఏమైందా? నా మైళ్ళు పోయినాయి."

"యాడికి పోయినాయి సార్?"

ఆమె నిజంగానే అడిగింది. అతనికి మాత్రం వెక్కిరించినట్టు వినిపించింది.

అతని పేరు దేవేంద్ర. కుప్పం దగ్గర క్వారీ ఉన్న ఒక గ్రానైట్ కంపెనీలో ఎక్స్‌పోర్ట్ పని చూస్తాడు. ఏడాదికి ఒకటి రెండు సార్లు యూరప్ వెళ్ళి బయ్యర్లకు రాయి శాంపిళ్ళు చూపించి వస్తాడు. విమానం ఎక్కిన ప్రతిసారీ ఎయిర్‌లైన్ వాళ్ళు అతని పేరు మీద కొన్ని మైళ్ళు జమ చేస్తారు. అరవై వేలు చేరితే యూరప్‌కు ఒక టికెట్ ఉచితం. మూడేళ్ళుగా కూడబెడితే యాభై ఒక్క వేలయ్యాయి. మొన్న ఏప్రిల్‌లో బ్రస్సెల్స్ వెళ్ళి వచ్చాడు. దాంతో లెక్క నిండిపోతుందని, ఆ 2004 మే నెలంతా ఉత్తరం కోసం ఎదురుచూశాడు.

"పదివేలు పడాల. రెండువేల ఐదువందలు వేసినారు," అంటూ కాగితాన్ని కౌంటర్ మీద పరిచాడు. "ఫోన్ చేసి అడిగితే, పార్ట్‌నర్ ఎయిర్‌లైన్‌లో తక్కువ రేటు టికెట్లకి ఏప్రిల్ నుంచి పావు వంతే ఇస్తారంట. అన్నిసార్లూ మంచి క్లాసులో కొట్టి, ఈ ఒక్కసారి ఈ పనికిమాలిన క్లాసులో యాల కొట్టినారు?"

నీరజ నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుంది. ఆలోగా లోపలి గదిలోంచి ఓనరు సుబ్రమణ్యం వచ్చేశాడు.

"ఏమ్మా నీరజా, చూసి చేయాల కదా! నాలుగేండ్లు అయింది నువ్వు సేరి. ఇంకా ఇట్లనేనా?"

"సారీ సార్," అంది నీరజ. అంతే. కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కిందికి జారకుండా రెప్ప కూడా వేయకుండా నిలబడింది.

కొట్లాడటానికి వచ్చినవాడిని ఆ మౌనం ఇబ్బంది పెట్టింది. "సరేలెండి," అని గొణిగి బయటపడ్డాడు.

కంపెనీ ఓనరు గోపాలస్వామి ఆఫీసు అక్కడికి రెండు వీధుల అవతల. కోపం చల్లారక దేవేంద్ర అక్కడ కూడా అదే చెప్పుకున్నాడు. గోపాలస్వామి పకపకా నవ్వాడు.

"ఆ పిల్లని యాల అంటావప్పా? అన్నిటికన్నా తక్కువది సూసి కొట్టమనింది నేనే. పాపం ఆ పిల్ల ఫోన్‌లో సెప్పింది కూడా. 'సార్, ఈ క్లాసులో అయితే ఆయప్పకి మైళ్ళు తగ్గిపోతాయేమో' అని రెండు తూర్లు సెప్పింది. ఆయప్ప మైళ్ళతో నాకేం పనమ్మా, నువ్వు కొట్టు అన్నా."

దేవేంద్ర లేచి నిలబడ్డాడు. తన తరఫున రెండుసార్లు మాట్లాడిన మనిషిని ఆమె ఓనరు చేత తిట్టించి వచ్చాడు. ఆమె ఒక్క మాట చెప్పి ఉంటే తప్పు గోపాలస్వామి మీదికి పోయేది. చెప్పలేదు.

ఆ సాయంత్రం కుప్పం బస్సు ఎక్కేసరికి వాన మొదలైంది. వేసవి వాన. మట్టివాసన, ఉరుములు, కిటికీల షట్టర్లు దించే హడావుడి. బస్సు నిండా జనం. మూడో వరుసలో కిటికీ పక్కన నీరజ. ఆమె ఊరు పుంగనూరు. రోజూ ఇదే బస్సులో వెళ్తుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

ఆమె పక్క సీటు ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో కూర్చున్నాక తెలిసింది. పైనుంచి నీళ్ళు సరిగ్గా ఆ సీటు మీదే కారుతున్నాయి.

"అది తడిసిపోయిన సీటు సార్," అంది నీరజ, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

"తెలిసింది."

"లెయ్యండి మరి."

"పర్లేదు. నాకు ఇట్లనే కావాల."

ఆమె పెదవి చివర కదిలిందో లేదో అతనికి అర్థం కాలేదు. భుజం మీద టపటపా నీళ్ళు పడుతుంటే అన్నాడు. "గోపాలస్వామి సార్ సెప్పినాడు. తప్పు నాది. పొద్దున మీరు ఒక్క మాట అనింటే సరిపోయేది కదండీ. యాల అనలేదు?"

"మీ కంపెనీ మాకు పెద్ద కస్టమరు. మీ ఓనరు మీద సెప్తే మా సార్‌కి బేరం పోతాది. నన్ను తిడితే ఏం పోతాది? నేను మళ్ళీ రేపు పొద్దున్నే పనికి పోతాను."

"నన్ను క్షమించండి."

"సరే సార్. ఇంక లెయ్యండి, జలుబు చేస్తాది."

అతను లేవలేదు. పుంగనూరు దగ్గరపడుతుండగా ఆమే అడిగింది. "ఒకటి అడగతాను. కంపెనీ ఎట్లాగూ పంపిస్తాంది కదా, ఆ ఉచిత టికెట్ మీద అంత ఆశ యాల?"

దేవేంద్ర తటపటాయించాడు. "ఒకరిని తీసుకొని పోవాల. చలికాలం లోపల. మాట ఎవరికీ సెప్పలేదు ఇంకా."

"ఓహో," అంది నీరజ.

ఆ ఒక్క 'ఓహో'లో ఎంత చల్లదనం ఉందో వానలో తడుస్తున్న దేవేంద్రకు తెలియలేదు. ఆమె చకచకా బ్యాగు సర్దుకొని, గొడుగు విప్పుకొని దిగిపోయింది. ఎవరో అదృష్టవంతురాలు, పోనీ, మనకెందుకు అనుకుంటూ ఇంటికి నడిచింది. అన్నం తింటుంటే వాళ్ళమ్మ తులసమ్మ, "ఏమే, పెరుగు పోసుకోకుండానే లేస్తాండావు?" అంటే తప్ప తాను లేచిన సంగతి ఆమెకే తెలియలేదు.

అయినా ఆమెకు పని మీద పౌరుషం ఉంది. మర్నాడు ఫైళ్ళు తిరగేసింది. మైళ్ళ కోత గురించి మార్చిలో ఎయిర్‌లైన్ పంపిన ఫ్యాక్స్ దొరికింది. అడుగున 'మొదటి పేజీ, మొత్తం రెండు' అని ఉంది. రెండో పేజీ రానేలేదు. అప్పుడు ఎవరూ గమనించలేదు.

ఎయిర్‌లైన్ వాళ్ళ చెన్నై ఆఫీసుకు ఫోన్ చేసింది. లైన్ కలిస్తే మనిషి లేడు, మనిషి ఉంటే ఫ్యాక్స్ పనిచేయదు. నాలుగో రోజు రెండో పేజీ వచ్చింది. దాన్ని చదివి కుర్చీలో వెనక్కి వాలింది. మార్చి ముప్పై ఒకటి లోపల కొన్న టికెట్లకు, ప్రయాణం ఎప్పుడు చేసినా పాత లెక్క ప్రకారమే మైళ్ళు ఇవ్వాలి. దేవేంద్ర టికెట్ కొట్టింది మార్చి ముప్పై. తప్పు చేసింది ఎయిర్‌లైన్ కంప్యూటరే.

కానీ రుజువు కావాలి. టికెట్ కాపీ, బోర్డింగ్ పాస్ ముక్కలు నాలుగూ పంపాలన్నారు. ప్రయాణం అయిపోయాక బోర్డింగ్ పాసులు దాచుకునేదెవరు? దేవేంద్ర ఇంటికి ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తాడు. అబ్బోడు చెన్నై హార్బర్‌కు పోయినాడు, వారం దాకా రాడన్నాడు. ఆమె విషయం చెప్పి పెట్టేసింది.

మరుసటి రోజు పదకొండు గంటలకు తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు గోడను చేత్తో తడుముకుంటూ ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చాడు. ఎడమకన్ను మూసుకుపోయి ఉంది. చంకలో బిస్కెట్ల డబ్బా.

"నీరజ అంటే నువ్వేనామ్మా? నేను దేవేంద్ర నాయన్ని, గంగులప్ప. చీటీలు కావాలంటివే, తెచ్చినా."

డబ్బా మూత తీస్తే లోపల మూడేళ్ళ బోర్డింగ్ పాసులన్నీ ఉన్నాయి, ఏ ప్రయాణానివి ఆ ప్రయాణానికి దారంతో కట్టి.

"ఇవన్నీ మీరు దాచినారా?"

"అబ్బోడు పారేస్తాంటాడు. నేను ఏరుకుంటా. ఏ ఊరు పోయినాడో దాంట్లో రాసుంటాది కదమ్మా." ఆయన కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు. "నేను ముప్పై ఏండ్లు క్వారీలో మేస్త్రీని. రాయి యాడ చీలుతాదో చేత్తో తడిమి సెప్పేవాణ్ణి. మేము తీసిన రాయి అంతా ఓడ ఎక్కి పోతాది. యాడికి పోతాదో, ఏం చేస్తారో సూసిందే లేదు. బెల్జియంలో ఏదో ఊర్లో సంత జరిగే మైదానమంతా మన రాయే పరిచినారంట. అబ్బోడు సెప్తాంటాడు, నేను వింటాంటాను."

"కన్నుకి ఏమైంది అప్పా?"

"రాతి పెళ్ళ తగిలింది. ఈ రెండోదానికి పొర వచ్చినాది. ఆపరేషన్ చేస్తే చూపు రావచ్చు, పోవచ్చు, ఒంటికన్ను కాబట్టి గట్టిగా సెప్పలేమన్నాడు డాక్టరు. చలికాలంలో చేసేస్తామన్నాడు. అబ్బోడేమో ఇంకొన్నాళ్ళు ఆగు నాయనా, ఆగు నాయనా అంటాండాడు. యాల ఆగమంటాడో సెప్పడు."

నీరజ చేతిలోని బోర్డింగ్ పాసు బల్ల మీద పెట్టేసింది. 'ఒకరిని తీసుకొని పోవాల. చలికాలం లోపల.'

ఆమెకు అర్థమైపోయింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ వెంటనే తనకెందుకు దిగాలి బరువు అని తనను తానే అడిగి సిగ్గుపడింది.

"నవ్వుతాండావు యాలమ్మా?"

"ఏం లేదప్పా. కాఫీ తాగుతారా?"

ఆ పెద్దాయనతో మాత్రం ఏమీ చెప్పలేదు. కొడుకు దాచిన మాట కొడుకే చెప్పాలి.

కాపీలన్నీ పెట్టి, ఉత్తరం రాసి కొరియర్‌లో పంపింది. జవాబు లేదు. మళ్ళీ రాసింది. వారానికి రెండుసార్లు ఫోన్ చేసింది. చెన్నై ఆఫీసులో ఆమె గొంతు వింటేనే, "మదనపల్లె మేడమా?" అనే స్థితికి వచ్చారు. ఈ నెల రోజుల్లో దేవేంద్రకు మదనపల్లెలో పనులు ఎక్కువైపోయాయి. పనులన్నీ సరిగ్గా సాయంత్రం బస్సు వేళకే ముగిసేవి.

"ఈ రోజేమన్నా వచ్చిందాండీ?" అనేవాడు.

"రాలేదు. వస్తే మీరే మొదట తెలుసుకుంటారు."

"రాకపోయినా పర్లేదు లెండి."

"యాల పర్లేదు? మీకు పర్లేదేమో గానీ, నాకు కాదు."

జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఎయిర్‌లైన్ నుంచి మెయిల్ వచ్చింది. పొరపాటుకు చింతిస్తున్నామనీ, మిగిలిన ఏడువేల ఐదువందలూ జమ చేశామనీ. నీరజ దాన్ని మూడుసార్లు చదివి, ప్రింటు తీసి, సాయంత్రం బస్సులో అతని చేతికిచ్చింది.

దేవేంద్ర చదివాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ఏమండీ, ఏడుస్తాండారా?"

"లేదు. ఊపిరి పీల్చుకుంటాండా." చేతులు తీశాడు. కళ్ళు తడిగానే ఉన్నాయి. "ఈ టికెట్ ఎవరికో మీకు సెప్పలేదు కదా..."

"ఆయప్ప మా ఆఫీసుకి వచ్చి కాఫీ తాగిపోయినాడు లెండి. రెండు స్పూన్లు చక్కెర."

"నాయనా? మీకు ముందే తెలుసా?"

"తెలుసు. అంతకు ముందు ఇంకెవరో అనుకున్నా."

"ఎవరనుకున్నారు?"

నీరజ కిటికీ వైపు తిరిగింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వాటినే చూస్తూ కూర్చున్న దేవేంద్ర, ఆమె పుంగనూరులో దిగాక, పలమనేరులో టీ తాగడానికి దిగడం కూడా మరిచిపోయాడు.

బెల్జియం బయ్యరు ఆహ్వానం పంపాడు, వీసా వచ్చింది. సెప్టెంబరులో కంపెనీ పని మీద కొడుకు, ఉచిత టికెట్ మీద తండ్రి ఒకే విమానం ఎక్కారు. ఆ ఊరి మైదానంలో గంగులప్ప చెప్పులు విప్పేసి నడిచాడు. ఒకచోట వంగి కూర్చుని రాతిని అరచేత్తో రుద్ది, "ఇది మన పాత గుంటలోది రా. ఈ నల్లగీత ఆడ తప్ప యాడా పడదు," అన్నాడు. అటు పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన ఎవరినీ పట్టించుకోలేదు.

అక్టోబరు చివర్లో ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పిన రోజు డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అంటే, "మూడు. మీ గోరు కింద సిరా మరక కూడా కనపడతాంది," అన్నాడు గంగులప్ప. దేవేంద్ర వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. మొదట ఫోన్ చేసింది మదనపల్లె ట్రావెల్స్‌కే. అవతల నీరజ, "హమ్మయ్య" అంది.

తర్వాతి ఆదివారం తండ్రీకొడుకులు పుంగనూరు వెళ్ళారు. కృతజ్ఞత చెప్పుకోవడానికని దేవేంద్ర అనుకున్నాడు. తులసమ్మ చాప వేసి, వక్కాకు తట్ట పెట్టింది. సదుం ఊరి రెడ్డెప్ప మీకేమవుతాడంటే మీకేమవుతాడని ఆమె, గంగులప్ప కూడబలుక్కుని, అతను తులసమ్మకు మేనమామ కొడుకు, గంగులప్పకు చిన్నాయన అల్లుడు అని తేల్చుకున్నారు.

"అయితే ఇంకేమమ్మా," అన్నాడు గంగులప్ప, "మీ పిల్లని మా వాడికి ఇస్తారా?"

దేవేంద్రకు తాగుతున్న కాఫీ పొలమారింది. "నాయనా!"

"ఏమి రా? ఐదు నెలలుగా పనీ పాటా లేకుండా మదనపల్లెకి పోతాండావు. నాకు ఇప్పుడు కన్ను బాగా కనపడతాంది."

తులసమ్మ నవ్వాపుకుంటూనే ఒక మాట అంది. "నేను ఇద్దామనుకుంటే అయిపోదప్పా. అది ఈడ పుంగనూరులో సొంతంగా ట్రావెల్స్ పెట్టాలని పట్టు మీద ఉండాది. పెండ్లయినాక పని మానుకోమంటే ఒప్పుకోదు."

"మానుకోమనేదెవరు? ఆ పిల్ల పట్టు పట్టింది కాబట్టే కదా నేను పోయి సూసి వచ్చింది!"

నీరజ లోపలి గది గడప దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులు కట్టుకుని, సూటిగా దేవేంద్ర వైపే చూసింది.

"అడగాల్సినోళ్ళు అడగకుండా కాఫీ తాగుతాంటే నేనేం సెప్పేది?"

దేవేంద్ర గ్లాసు కింద పెట్టి లేచాడు. యూరప్‌లో కోట్ల బేరాలు మాట్లాడి వచ్చినవాడికి నాలుక తడారిపోయింది.

"నీరజా... నువ్వు బస్సు దిగిపోయినాక కుప్పం దాకా దారి సాగదు. నువ్వంటే నాకిష్టం. నన్ను చేసుకుంటావా?"

ఎప్పుడూ 'మీరు' అనేవాడు మొదటిసారి 'నువ్వు' అన్నాడు. నీరజ తలొంచుకుంది. ఏదో అంది. దేవేంద్రకు వినబడింది. అతని మొహంలోకి రక్తం వచ్చింది.

"ఏమనింది? ఏమనింది?" గంగులప్ప ఆత్రంగా తులసమ్మ వైపు తిరిగాడు. "నాకు కన్ను వచ్చినాది గానీ చెవులు సరిగ్గా లేవమ్మా!"

తులసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వింది.

"సరే అనిందప్పా. సరే అనింది."