హాజరమ్మ

సెలూను షట్టరు లేచిందంటే, గిన్నెలో నీళ్లు వేడెక్కేలోపే కబుర్లు వేడెక్కుతాయి. ఆ పొద్దున్న కూడా అంతే. రిటైరైన పోస్టుమాస్టరు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. బట్టల కొట్టాయన తన వంతు వచ్చేదాకా పేపరు పరుచుకుని, అందులో లేని వార్తలు కూడా చెబుతున్నాడు. సెలూనాయన మాత్రం నురగ గిలక్కొడుతూ అద్దం కింద అరలో నిలబెట్టిన ఫోను వైపు మాటిమాటికీ చూస్తున్నాడు. అది మోగేదాకా ఆయనకు చెయ్యి ఆడదు.

ఆయన కూతురు బిజినెస్ స్కూల్లో మొదటి సంవత్సరం. క్లాసు గుమ్మం దగ్గర పిల్ల కార్డు చూపించగానే, హాజరైందని తండ్రి ఫోనుకు కబురొస్తుంది; చూపించకపోతే గైర్హాజరని వస్తుంది. అది తండ్రి ఒక్కడే చూసుకోవడానికి పంపే కబురు. ఆయన మాత్రం దాన్ని షాపంతటికీ చదివి వినిపిస్తాడు. ఏడో తరగతిలో బడి మానేసి దువ్వెన పట్టినవాడు. "మొదటి క్లాసు, హాజరు" అని పైకి చదివినప్పుడల్లా తనే ఇంకో తరగతి పాసైనట్టుండేది. షాపుకొచ్చేవాళ్లంతా ఆ పిల్లకు మేనేజరు అని పేరు పెట్టేశారు. మేనేజరు ఏ క్లాసుకు ఆలస్యంగా వెళ్లిందో, ఏ రోజు తొందరగా వదిలారో వాళ్లందరికీ తెలుసు. ఆ పైన తలా ఒక సలహా. నాలుగు ముక్కలు చదువుకున్నవాళ్లకి, చదువు లేనివాడికి సలహా చెప్పడంలో ఉన్న సుఖం మరెందులోనూ ఉండదు మరి.

ఆ రోజు పిల్ల ఇంట్లోంచి బయల్దేరిన తీరే వేరుగా ఉంది. టిఫిను సగం తిని లేచింది. అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుతూ తనలో తనే ఏదో చెప్పుకుంది. ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోదాని కోసం ఇల్లంతా వెతికింది. సిటీ బస్సులో కండక్టరైన తల్లి డ్యూటీకి వెళుతూ ఇదంతా కనిపెట్టింది. పిల్ల మొహం వెలిగిపోతోందనీ, అలా చూసి చాలా రోజులైందనీ, ఈ ఒక్కరోజుకి దాన్ని ఆరాలు తీయకుండా వదిలేయమనీ మొగుడికి చెప్పింది. ఆయన సరేనన్నాడు. సరేనంటే విన్నట్టు కాదని ఆవిడకీ తెలుసు.

మొదటి క్లాసుకు హాజరని అప్పటికే కబురొచ్చింది. పోస్టుమాస్టరు కుడిచెంప అయిపోయి ఎడమచెంపకు కత్తి తిప్పుతుండగా ఫోను మళ్లీ మోగింది. కళ్లకంటే నోరు ముందు పరిగెత్తే అలవాటు సెలూనాయనది. "రెండో క్లాసు, గైర్హాజరు" అని గొంతెత్తి చదివాక గానీ ఏం చదివాడో తెలియలేదు.

 బట్టల కొట్టాయన పేపరు మడిచాడు. మొన్న సాయంత్రం బస్టాపులో మేనేజరు ఎవరో పిల్లలతో పకపకా నవ్వుతూ కనబడిందనీ, చెబితే బాధపడతాడని ఊరుకున్నాననీ అన్నాడు. ఊరుకున్నందుకు ఎంత ఇబ్బంది పడ్డాడో ఆయన మొహంలోనే ఉంది. సెలూనాయన కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, బండి తాళాలు తీసుకున్నాడు.

"నా రెండో చెంప సంగతేంటయ్యా?" అన్నాడు పోస్టుమాస్టరు.

సెలూనాయన అప్పటికే బయట బండి స్టార్టు చేస్తున్నాడు. పోస్టుమాస్టరు ఒకసారి అద్దంలో తన రెండు మొహాలూ చూసుకుని, మెడ చుట్టూ తువ్వాలుతోనే పరుగున వెళ్లి బండి వెనక ఎక్కాడు. షాపు చూస్తుండమని బట్టల కొట్టాయనకు పురమాయించారు.

కాలేజీలో ఆ రోజు సందడి వేరు. సాయంత్రం పోటీ ఉందని గోడల నిండా కాగితాలు అంటించారు. ఒక్కో టీము ఒక్కో కొత్త వ్యాపారం ఆలోచించి, కాలేజీ అంతటి ముందూ నిలబడి చెప్పాలి. ఎక్కడ చూసినా గుంపులు గుంపులుగా పిల్లలు, అట్టలు కోసేవాళ్లు, మైకు తీగలు లాగేవాళ్లు. సగం గడ్డంతో తువ్వాలు కప్పుకుని నడుస్తున్న పెద్దాయన్ని చూసి, ఈయనది ఏ టీమో అని గుసగుసలాడుకున్నారు.

క్యాంటీను వెనక మెట్ల దగ్గర కూతురు కనబడింది. పైమెట్టు మీద నిలబడి రెండు చేతులూ చాపి ఏదో చెబుతోంది. కింద కూర్చున్న నలుగురూ ఒకటే నవ్వు. తండ్రిని చూడగానే చాపిన చేతులు అలాగే ఆగిపోయాయి.

"క్లాసెందుకు ఎగ్గొట్టావు?"

"రిహార్సలు కోసం నాన్నా. తెలిసే ఎగ్గొట్టాను."

అబద్ధం చెబుతుందనుకుని దాన్ని పట్టుకోవడానికి సిద్ధమై వచ్చినవాడు, నిజం చెప్పేసరికి తడబడ్డాడు. ఆ తడబాటు కోపంలోకి తిరిగింది. చదువుకోమని పంపితే మెట్లెక్కి నాటకాలాడుతున్నావా, బండెక్కు అన్నాడు. ఒక పొడుగమ్మాయి లేచి, సాయంత్రం పోటీ ఉందంకుల్ అని ఏదో చెప్పబోయింది. నువ్వాగమ్మా అని కసిరాడు. ఆ పిల్ల బిక్కచచ్చిపోయి కూర్చుంది.

కూతురు మెట్లు దిగి తండ్రి ఎదురుగా నిలబడింది.

"ఇక్కడ నన్నేమని పిలుస్తారో తెలుసా నాన్నా? హాజరమ్మ. ఏ క్లాసూ మానదు, అయిపోగానే ఇంటికి పరిగెత్తుతుంది, ఎవరితోనూ ఒక కప్పు టీ తాగదు అని. ఎలా తాగను? కాస్త ఆలస్యమైతే నీ షాపులో పంచాయితీ పెడతారు. మూడో క్లాసుకి లేటెందుకైందని మొన్న బట్టల కొట్టాయన నన్ను రోడ్డు మీద ఆపి అడిగాడు. ఆయనెవరు నాన్నా నన్నడగడానికి?"

తండ్రి ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"ఇక్కడ సగం చదువు టీములోనే. టీములు ఎంచుకున్న రోజు ఎవరి స్నేహితుల్ని వాళ్లు పిలుచుకున్నారు. నేనొక్కదాన్నే మిగిలిపోయాను. ఎవరో ఒకరు తీసుకోండి అని మా సారు బతిమాలారు. మిగిలిన కూర వడ్డించినట్టు నన్ను వీళ్లకి వేశారు. ఇవాళ మాట్లాడాల్సిన అమ్మాయికి గొంతు పోయింది. నువ్వు చెబుతావా అని పొద్దున్న వీళ్లే ఫోను చేశారు. నన్ను పిలిచారు నాన్నా. క్లాసుందంటే ఇంకెప్పుడూ పిలవరు. తప్పే. ఆ పాఠం ఎలాగోలా నేర్చుకుంటాను. కానీ ఇప్పుడు బండెక్కమంటే ఎక్కలేను."

ఆమె కళ్లు దించుకోలేదు. నలుగురు స్నేహితులూ ఆమెవైపే చూస్తున్నారు. ఇప్పుడు గనక బండెక్కితే ఆ పిల్ల మళ్లీ హాజరమ్మే.

అప్పటిదాకా ఒక మెట్టు మీద కూలబడి ఆయాసం తీర్చుకుంటున్న పోస్టుమాస్టరు తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా ఇంట్లో రేజరు లేదనుకున్నావా? కొడుకు కొనిచ్చిన కరెంటు రేజరు డబ్బాలోనే ఉంది. మా ఆవిడ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. నేను నీ కొట్టుకొచ్చేది గడ్డానికి కాదయ్యా."

సెలూనాయన మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా ఆ కుర్చీల్లో కూర్చున్న మొహాలన్నీ కళ్లముందు తిరిగాయి. పెరగని జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చేవాళ్లు, వంతు వచ్చినా వెనకవాడికి ఇచ్చి కూర్చునేవాళ్లు. మనిషికి మనిషి కావాలన్న దాని మీదే తన షాపు నడుస్తోంది. సొంతకూతురికి మాత్రం ఒక్క మనిషిని మిగల్చలేదు. పైగా ఆ పిల్ల గుట్టంతా నలుగురి నోళ్లలో పెట్టి, దానికి ముద్దు అని పేరు పెట్టుకున్నాడు.

"ఏదీ, ఇందాక చెబుతున్నది చెప్పు," అన్నాడు కూతురితో.

కూతురు నమ్మలేనట్టు చూసింది. పొడుగమ్మాయి మోచేత్తో పొడిచాక మళ్లీ పైమెట్టెక్కింది. మొదట రెండు మాటలు తొట్రుపడింది. తర్వాత అందుకుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇళ్లల్లో మూలన పడుండే ఉయ్యాలలూ చిన్న సైకిళ్లూ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేర్చే కంపెనీ అట. నడుమ లాభాలూ మార్కెట్లూ వచ్చినప్పుడు తండ్రికి సగం అర్థం కాలేదు. ఆయన వింటున్నది వేరు. ఇంట్లో పక్కగదిలోకి కూడా వినబడని గొంతు ఇక్కడ క్యాంటీను గోడకు తగిలి తిరిగొస్తోంది. ఆమె ఒక మాట మరిచిపోతే కింద నుంచి ముగ్గురు ఒక్కసారే అందిస్తున్నారు. అందరూ కలిసి నవ్వుతున్నారు, మళ్లీ మొదలుపెడుతున్నారు. పిల్ల మొహం నిజంగానే వెలిగిపోతోంది. పెళ్లాం పొద్దున్నే చూసింది దీన్నే. ఆయనకు కళ్లు మసకబారాయి. దగ్గి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అయిపోయాక అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పోస్టుమాస్టరు.

కూతురు దిగొచ్చి, సాయంత్రం అమ్మని తీసుకుని వస్తావా అని భయంభయంగా అడిగింది. డ్యూటీ మార్పించుకోమని ఇప్పుడే ఫోను చేస్తానన్నాడు. ఇకనుంచి ఆ ఫోను కబుర్లు తనలోనే చదువుకుంటానని, ఎవరూ వినకుండా ఆమెకు మాత్రమే చెప్పాడు. ఆమె తల ఆయన భుజానికి ఆనించి, నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేసరికి ఏది ముందు ఆపుకోవాలో తెలియక నిలబడిపోయింది.

వెళ్లబోతూ ఆయన పొడుగమ్మాయి దగ్గర ఆగాడు.

"ఇందాక కసిరాను, ఏమనుకోకమ్మా. పాఠం పోతే మీరెవరైనా దీనికి చెప్పండి. కానీ దీన్ని పిలవడం మాత్రం మానకండి."

"మానం అంకుల్. రాకపోతే మీ ఇంటికొచ్చి లాక్కొస్తాం," అంది ఆ పిల్ల.

వెనక నుంచి "మళ్లీ మొదటి నుంచీ!" అని ఎవరో అరిచారు. కూతురు కళ్లు తుడుచుకుని మెట్ల మీదికి పరిగెత్తింది. బండి గేటు దాటేదాకా ఆ గొంతు వెంట వస్తూనే ఉంది. దాన్ని ఇంకాస్త వినాలని ఆయన బండిని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పోనిచ్చాడు.