రేవువీధి బాటసారి

మూడో అంతస్తు కిటికీలోంచి నీళ్లలోకి దిగేముందు వరహాలమ్మ తల మీది గాలితొడుగు, కాళ్ల బరువుబూట్ల పట్టీలు ఇంకోసారి లాగి చూసుకుంది. ఎడమ మణికట్టు మీద పరిశీలకముద్ర పచ్చగా వెలిగింది. చెవిలో నగరసాక్షి, నగరం లెక్కలు చూసే యంత్రం, రోజూ పలికే మాటలే పలికింది.

"రేవువీధి. నిడివి నాలుగు వందల పది మీటర్లు. మార్గాంతం కోరుతూ దరఖాస్తు. చివరి పౌర పాదముద్ర పడి ముప్పై ఎనిమిదేళ్లు."

"అభ్యంతరాలు?"

"లేవు."

ముప్పై ఏళ్లపాటు ఏ మనిషీ అడుగు పెట్టని వీధి చచ్చిపోయినట్టేనని నగర చట్టం. దాన్నే మార్గాంతం అంటారు. చచ్చిందని కళ్లారా చూసి, ముద్ర నొక్కి, పైకి రావడం వరహాలమ్మ ఉద్యోగం. సముద్రం పైకెక్కి దిగువపట్నాన్ని మింగి ముప్పై ఏళ్లు నిండిన దగ్గర్నుంచి ఆమెకు పనిలేని రోజు లేదు.

కిటికీ పక్కన పడవలో దరఖాస్తుదారు కూర్చున్నాడు. మైలపల్లి దానయ్య, నాచు సాగుదారుల సంఘం పెద్ద, అరవై దాటిన మనిషి. వీధి రెండు కొసలా వలగోడలు కట్టి లోపల నాచు పెంచుకుంటామని సంఘం అడుగుతోంది.

"బేగి వొచ్చీండమ్మా," అన్నాడు. "బయట సముద్రంలో ఏసిన నాచు రెండేళ్లూ తుపానుకి కొట్టుకుపోనాది. ఈ గోడల మజ్జినైతే నిలబడతాది. నలభై ఇళ్లోళ్లం ఎదురు సూస్తన్నాం."

"సాయంత్రానికి కాగితం మీ చేతిలో ఉంటుంది దానయ్యగారూ."

పన్నెండు మీటర్లు దిగితే పాదాలకు తారు తగిలింది. ఇళ్ల అరుగుల నిండా ఆలిచిప్పలు పట్టేశాయి. మందులషాపు బోర్డు మీద 'మం' ఒక్కటే మిగిలింది. ఆమె నడుస్తోంది, కానీ ముద్ర చేతికున్నంతసేపూ చట్టానికి అవి అడుగులు కావు, పరిశీలన మాత్రమే. సగం దూరం వెళ్లేసరికి పైనుంచి వెలుతురు తగ్గింది. మబ్బు పట్టిందనుకుని తలెత్తింది.

మబ్బు కాదు, చుక్కల సొర. బస్సు కంటే పొడుగు. ఇంటి గుమ్మమంత నోరు తెరుచుకుని, ఆటుపోటు ఆ రెండు వరసల మేడల మధ్యకి తోసుకొచ్చే సన్నటి జీవాలను వడగట్టుకుంటూ, నడివీధిలో వస్తోంది. ఒళ్లంతా తెల్లచుక్కలు, పొద్దున్నే వాకిట్లో పెట్టి గీతలు కలపడం మరిచిపోయిన ముగ్గులా. తోక ఒక్కసారి కదిలితే వరహాలమ్మ పక్కకు తూలి దీపస్తంభం పట్టుకోవలసి వచ్చింది.

దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఇంకొకటి. మొత్తం తొమ్మిది వెళ్లాయి. చివరిది పిల్ల, చేయి చాస్తే అందేంత దగ్గరగా వెళ్లింది. ఆమె చేయి చాచలేదు.

"నగరసాక్షీ, ఈ వీధిలో బాటసారులెందరు?"

"సున్నా."

"ఇప్పుడు వెళ్లినవో?"

"చట్టంలో బాటసారి అంటే పౌరుడు."

వరహాలమ్మ పడవతో మాట్లాడే తీగ అందుకుంది. "దానయ్యగారూ, ఇక్కడికి సొరలొస్తాయని మీకు తెలుసా?"

పైన దానయ్య తెడ్డు పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. "ఏటా ఈ రోజుల్లో వొత్తాయమ్మా. వలేస్తే పక్కకెలిపోతాయి."

"పక్కన గోడలే కదా."

"అవునమ్మా," అన్నాడు దానయ్య. ఆయన అబద్ధం ఆడగలిగిన మనిషి కాదు. "ఎల్లలేనివి సిక్కుకుంటాయి."

"పక్కన అవతలికి దారిలేని గుడ్డిసందులు రెండున్నాయి, సొరలు అటు పోవు. వాటికి దరఖాస్తు పెట్టండి, నేను రాసిపెడతాను. మీరడిగిన చోటులో సగమే వస్తుంది."

"సగమా? మిగిలిన ఇరవై ఇళ్లకీ ఏటి సెప్పమంతారు?"

"నేనూ వస్తాను. ఇద్దరం కలిసి చెబుదాం," అంది.

అని మణికట్టు మీద ముద్ర కొక్కెం విప్పింది.

"ముద్ర తీస్తే మీరు పరిశీలకురాలు కారు," అంది నగరసాక్షి. "ఉద్యోగ భద్రత ఉండదు."

"తెలుసు."

ముద్రను నీళ్లలోకి వదిలేసి ఒక అడుగు వేసింది. తర్వాత ఇంకొకటి.

"పౌర పాదముద్ర. రేవువీధి. బాటసారులు, ఒకరు. మార్గం సజీవం. దరఖాస్తు చెల్లదు. సజీవ మార్గానికి నగరం దీపం పెట్టాలి."

పక్కనున్న స్తంభం సన్నగా వణికింది. దాని తలమీద నాచు కింద పసుపుపచ్చని మెరుపు పుట్టి, నిలదొక్కుకుని, వెలిగింది. తర్వాత ఎదురుగా ఒకటి. కొన్ని వెలగలేదు. వెలిగినవి మాత్రం వీధి పొడుగునా, చౌరస్తా దాకా, ముప్పై ఎనిమిదేళ్ల నీటి కింద వరసగా వెలుగుతూ పోయాయి. ఆ వెలుతుర్లో తొమ్మిది సొరలూ నెమ్మదిగా మలుపు తిరుగుతున్నాయి.

తీగలో దానయ్య గొంతు వినిపించింది. ఆమెతో కాదు, తనలో తను లెక్కపెట్టుకుంటున్నాడు. ఒకటి, రొండు, మూడు. తొమ్మిది దాకా వచ్చి ఆగాడు. ఆ తర్వాత ఇళ్ల మాట ఎత్తలేదు.

"వరహాలమ్మగారూ," అంది నగరసాక్షి. హోదాతో కాక పేరుతో పిలవడం అదే మొదలు. "ఈ పాదాలే నూట పదకొండు వీధుల్లో నడిచాయి, ముద్రతో. అవీ మనిషి అడుగులే. వాటినీ లెక్కలోకి తీసుకోవాలా?"

ఆమెకు ఒక్కొక్క వీధీ గుర్తొచ్చింది. వాటిలో కొన్నింటికి ఇప్పుడు గోడలు లేచాయి. ఇంకొన్నింటిలో ఏం తిరుగుతోందో ఎవరికీ తెలియదు. ప్రతి వీధిలోనూ తను నడుస్తూనే, ఇక్కడ ఎవరూ నడవడం లేదని రాసి వచ్చింది. రేపు ఆ వీధులు పొందినవాళ్లు ఎందరు తలుపు తడతారో, ఎవరికేం చెప్పుకోవాలో ఊహకు అందలేదు.

"తీసుకో," అంది.

ఏ ప్రశ్ననైనా రెప్పపాటులో తేల్చే నగరసాక్షి ఈసారి ఒక్కొక్క వీధి లెక్కా తిరగేసుకుంటూ పోయింది. వరహాలమ్మ దీపం కింద నిలబడి ఎదురుచూసింది. చాలాసేపటికి, చౌరస్తా అవతల నల్లటి నీళ్లలో, ఇంకో వీధి వెలగడం మొదలుపెట్టింది.