మేజర్ గారి బోణీ

"ఈసారి టార్గెట్ ఉదయగిరి బడే సాహెబ్," అన్నాడు సైబర్ నిఘా విభాగం చీఫ్ వరప్రసాదం. "చెక్క స్పూన్లు, గరిటెలు చేసే పెద్దాయన. సరుకు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు. విదేశీ ముఠా ఆర్మీ ఆఫీసర్ పేరుతో రేపు ఆయనకు ఫోన్ చేస్తుంది. ఇక్కడ వాళ్ల ఏజెంట్ ఎవరో తేలాలి."

"ఆయన్ని హెచ్చరించాలా సార్?"

"వద్దు. డబ్బు పోనీ. ఏ ఖాతాలో పడుతుందో చూద్దాం."

ఏజెంట్ సమీవుల్లాకు ఆ మాట మింగుడుపడలేదు. ఈ కబురు తెచ్చింది నజ్నీన్. ఆత్మకూరులో ఫోన్ల షాపు, నల్ల కళ్లద్దాలు, మనిషి వెళ్లిపోయినా గదిలో ఉండిపోయే అత్తరు. ముఠాలో చేరినట్టు నటిస్తున్న డబుల్ ఏజెంట్. బడే సాహెబ్‌కు ఆన్‌లైన్ అమ్మకం నేర్పింది కూడా ఆమే.

మరునాడు పొద్దున సమీవుల్లా కలప వ్యాపారి వేషంలో పెద్దాయన కొట్లో కూర్చున్నాడు. చెవిలో బటానీ గింజంత ఇయర్‌పీస్. ఈ సంగతి నజ్నీన్‌కు కూడా చెప్పలేదు.

బడే సాహెబ్ గరిటె నునుపు చేస్తూ భార్య సంగతి ఎత్తాడు. "కరీంబీకి కంటి ఆపరేషన్ ఉండాది బేటా. ఆ డబ్బులే బ్యాంకులో దాచినాను. అవి పోతే ఆమె చూపు పోయినట్టే."

సమీవుల్లా ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోన్ మోగింది. స్పీకర్‌లో దర్జా గొంతు. "మేజర్‌ని. మీ స్పూన్లన్నీ మా మెస్‌కు కావాలి. కోడ్ పంపాను. స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్స్ మీకు పడుతుంది."

పిన్ కొడితే డబ్బు పోవడమే గానీ రావడం ఉండదు. పాపం, పెద్దాయనకు అది తెలియదు. పొద్దుటి తొలి బేరం చేజారకూడదన్న ఆత్రంలో ఉన్నాడు. ఒక అంకె. రెండు. మూడు.

"కదలకు," అంది ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు.

సమీవుల్లా దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు. "చాచా! బోణీ డబ్బులు ఫోన్‌లో తీసుకుంటావా? చేతిలో పడొద్దూ?"

వేలు ఆగిపోయింది. "నిజమే బేటా! మేజర్ సాబ్, ఇంకా బోణీ కాలేదు. ఎవరిచేతన్నా పది రూపాయలు నా చేతిలో పెట్టించండి. కళ్లకద్దుకుని, మిగతా నంబర్ అప్పుడు కొడతాను."

మేజర్ బతిమాలాడు, బెదిరించాడు. ముసలాయన ససేమిరా అన్నాడు. ఆశ చెడ్డది. "సరే, మనిషిని పంపుతున్నా," అని ఫోన్ పెట్టేశాడు మేజర్.

సమీవుల్లా కలప దొంతర వెనక నక్కాడు. గంట దాటాక ముందు అత్తరు వచ్చింది, వెనకే నజ్నీన్ వచ్చింది. "చాచా, మేజర్ గారు పంపినారు," అంటూ పది నోటు ఆయన చేతిలో పెట్టింది.

బేడీలు ఠక్కుమన్నాయి. ముఠాకు ఇక్కడి ఏజెంట్ ఆమే. డబ్బు ఎవరో అమాయకుడి ఖాతాలో పడేలా చూపించి చీఫ్ కళ్లకు గంతలు కట్టాలన్నది ఆమె ఎత్తు. ఇన్నాళ్లూ ఆమెను నమ్మినందుకు సమీవుల్లా గుండె కలుక్కుమంది.

బడే సాహెబ్ సంగతంతా విన్నాడు. తర్వాత నోటు కళ్లకద్దుకుని, మంచి స్పూన్ ఒకటి ఏరి, నజ్నీన్ బేడీల చేతిలో పెట్టాడు.

"తీసుకో బేటీ. బోణీ సొమ్ము తీసుకుని సరుకు ఈకుంటే గిరాకీ ఉండదు. అక్కడ పెట్టే అన్నానికి పనికొస్తాది."