ఇంటిపేరు లేని అతిథి

"మా మేకని చంపేశారు," అన్నాడు ఎమెట్ డ్రాయర్, తలుపైనా తట్టకుండా లోపలికొచ్చి.

కొరీన్ హాస్కెల్ తలెత్తి చూసింది. బర్‌బ్యాంక్‌లో ఎప్పుడో గాని పడని వాన ఆ రోజు పొద్దుట్నుంచీ పడుతోంది. పడిందంతా ఈ మనిషి మీదే పడ్డట్టుంది. జుట్టులోంచి నీళ్లు బొట్లుబొట్లుగా ఆమె బల్లమీద కాయితాల మీదికి కారుతున్నాయి.

"ముందు ఆ కాయితాలకి దూరంగా నిలబడండి. ఏ మేక?"

"పాస్టరు గారు ప్రసంగం చేస్తుంటే వెనకనుంచి బైబిలు నమిలేసే మేక. తీసెయ్యమని రాసింది మీరే కదా?"

"నేనే. బైబిలు నమలకూడదండీ. చందా పళ్లెం నమిలితే నాకేం అభ్యంతరం లేదు. నవ్వు కూడా ఎక్కువొస్తుంది."

నిజంగానే నవ్వు ఎక్కువొస్తుంది. అందుకే ఎమెట్‌కి ఇంకా మండింది.

'కారే కప్పు' అని వారం వారం టీవీలో వచ్చే కార్టూన్ అది. ఒక చిన్న ఊళ్లో చర్చి, దాని పైకప్పు కారుతుంటుంది. బాగుచేయించాలని పాస్టరు బాగ్స్ వారం వారం చందాలు వసూలు చేస్తూనే ఉంటాడు, కప్పు కారుతూనే ఉంటుంది. ఆ కార్టూన్ రాసి, బొమ్మలు గీయించేది ఎమెట్. అది ఇళ్లల్లోకి వెళ్లకముందే చదివి, ఏది ఉండాలో ఏది పోవాలో చెప్పేది కొరీన్. చానల్‌లో ఆమె గదికి 'కత్తెర గది' అని పేరు.

అతను విసవిసా వెళ్తూ గుమ్మం దగ్గర మూతి బిగించి నవ్వు ఆపుకోవడం ఆమె చూసింది. చూడనట్టు ఊరుకుంది.

రాసేవాళ్ల దగ్గర ఒక ఎత్తు ఉంది. కత్తెర పడుతుందని తెలిసి, కావాలనే ఘోరమైనదొకటి రాసి పెడతారు. దాని పేరు బలిమేక. సెన్సారు వాళ్లు దానిమీద పడి నరుకుతారు, పక్కనున్న అసలు జోకు ప్రాణాలతో బయటపడుతుంది. కొరీన్ ఈ సంగతి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే కనిపెట్టింది. పాస్టరు కూతురు మరి. చర్చి కమిటీల మధ్య పెరిగినవాళ్లకి ఇలాంటివి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఎమెట్ ప్రతి గురువారం దెబ్బలాడ్డానికి వచ్చేవాడు. కూరగాయల బేరంలా సాగేది వాళ్ల పని.

"రెండు 'చచ్చినోడా'లు వదులుకుంటాను. ఒక్క 'నరకానికి పో' ఉంచండి."

"మూడు వదులుకోండి."

"మీకు జాలి లేదా?"

"ఉంది. ఇంట్లో పెట్టి వచ్చాను."

బేరం తెగాక ఇద్దరూ వీధి చివర బండి దగ్గర టాకోలు తినేవాళ్లు. ఒకరోజు పచ్చిమిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంటున్న ఎమెట్‌తో ఆమె తాపీగా అంది.

"మీ మేకల సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు."

అతనికి కారం దిగిపోయింది. "తెలిసీ వాటినే కొట్టేశారా?"

"కొట్టేస్తే నేను పనిచేస్తున్నానని మా పైవాళ్లకి నమ్మకం. మీ అసలు జోకూ బతుకుతుంది. మా ఇంట్లో అందరం నవ్వేవాళ్లమండీ, అమ్మ ఉన్నన్నాళ్లూ. నవ్వు విలువ నాకు తెలియక కాదు."

ఎమెట్ చేతిలో టాకో కింద పెట్టాడు. ఇన్నాళ్లూ తను బోల్తా కొట్టిస్తున్నాననుకున్న మనిషి తన జోకులకి కాపలా కాస్తోంది.

"చాలా థాంక్స్," అన్నాడు.

ఇకమీదట ఈ అమ్మాయికి మేకల్ని పంపకూడదని అతను మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. పైకి చెప్పలేదు. చదివితే ఆమెకే తెలుస్తుందిలే అనుకున్నాడు.

తర్వాతి భాగం కథ చర్చి భోజనాల గురించి. కమిటీ పెద్ద మిసెస్ గ్రబ్ గుమ్మంలో కూర్చుంటుంది. ఇంటిపేర్లు అక్షరాల వరసలో విడగొట్టి ఎవరు సలాడ్ తేవాలో, ఎవరు మాంసం తేవాలో, ఎవరు కేకు తేవాలో ముందే పంచింది. చెప్పులైనా లేని ఒకాయన వస్తాడు. చూడగానే ఎవరో మనకు తెలుస్తుంది, చర్చిలో మాత్రం ఒక్కరికీ తెలియదు.

"ఇంటిపేరు?"

"లేదమ్మా."

"ఇంటిపేరు లేకపోతే సలాడా, కేకా? ఏం తెచ్చావ్?"

"ఐదు రొట్టెలు, రెండు చేపలు."

"ఎవరికి సరిపోతాయయ్యా అవి? వెనక వంటింట్లోకి పో, అంట్లున్నాయి."

ఆయన వెళ్లి గిన్నెలు కడుగుతాడు. అందరూ తిని వెళ్లిపోయాక ఒక ముసలావిడ వచ్చి పక్కన నిలబడి తుడిచిపెడుతుంది. అంతే కథ.

ఐదు రొట్టెలు, రెండు చేపలతో వేలమంది ఆకలి తీర్చిన యేసుని టీవీ కార్టూన్లో చూపించడమా? చానల్లో ఎక్కడా రాసి లేకపోయినా, అందరికీ తెలిసిన నిషేధం అది. కొరీన్ నవ్వుకుంది. ఈసారి మేక కాదు, ఏకంగా ఒంటెనే తోలాడు అనుకుంది. గుమ్మం దగ్గర్నుంచి వంటింటిదాకా మొత్తం కొట్టేసి, పై అధికారి ప్రోక్టర్ చేత సంతకం పెట్టించేసింది.

గురువారం వచ్చింది. ఎమెట్ రాలేదు.

మధ్యాహ్నం దాకా ఆమె తలుపు వంకే చూసింది. తర్వాత అనుమానమొచ్చి స్క్రిప్టు మళ్లీ తీసింది. ఈ ఒంటె చాటున ఏ జోకు దాగుందా అని మొదట్నుంచి చివరిదాకా వెతికింది. ఏదీ లేదు. ఉన్నదంతా అదే.

రోడ్డు దాటి స్టూడియోకి పరుగెత్తింది. ఎమెట్ బల్ల ముందు ఖాళీ కాయితం పెట్టుకుని కూర్చున్నాడు.

"మేక అనుకున్నారా?" అన్నాడు తలెత్తకుండా.

"అనుకున్నాను. పొరపాటు నాది."

"మీకు మేకలు పంపడం మానేశాను. చెప్పకుండానే తెలుస్తుందనుకున్నాను. నాదీ తప్పే. నాన్న వదిలేసి వెళ్లాక ఒహాయోలో మా చర్చివాళ్లు అమ్మ పేరు వంటల వరసలోంచి తీసేశారు. అయినా అమ్మ మానలేదు, వెళ్లి గిన్నెలు కడిగేది. ఆ ముసలావిడ అమ్మే. ఈ నెల్లో టీవీలో చూస్తావని చెప్పాను. ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకుందట."

కొరీన్ తిన్నగా ప్రోక్టర్ గదికి వెళ్లింది.

"నేను కొట్టేసింది తప్పు సార్. మళ్లీ పెట్టాలి."

"నీ చేత్తో కొట్టేసి, నా చేత సంతకం పెట్టించి, ఇప్పుడు తప్పంటావా? ఊరుకోమ్మా. చర్చివాళ్లు ఒక్కరూ నవ్వరు, వెయ్యిమంది తిడతారు."

"ఒక పాస్టరు నవ్వితే?"

ప్రోక్టర్ కళ్లజోడు తీశాడు. "మీ నాన్నే కదూ పాస్టరు? ఆయన చూసి బావుందని నాకు ఫోన్ చెయ్యమను. వదిలేస్తాను."

అక్కడే ఉంది చిక్కంతా. తను చేసే పనేమిటో కొరీన్ నాన్నకి సరిగ్గా చెప్పనేలేదు. టీవీలో బూతులు తీసేస్తాను అని మాత్రం చెప్పింది. పైగా అమ్మ పోయాక రెవరెండ్ హాస్కెల్ నవ్వగా ఎవరూ చూడలేదు. బేకర్స్‌ఫీల్డ్‌లో ఆయన చర్చి భోజనాలన్నీ ఒకప్పుడు అమ్మ చేతిమీదుగానే నడిచేవి.

శనివారం, కత్తెర పడకముందే గీయించి పెట్టిన, ఇంకా రంగులు వెయ్యని బొమ్మల క్యాసెట్ పట్టుకుని ఇద్దరూ అక్కడికి వెళ్లారు. కారులో ఎమెట్ ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

"భయమా?" అంది కొరీన్.

"మీకు లేదా?"

"నాకు మీకన్న ఎక్కువ. ఆయన నాకు నాన్న."

రెవరెండ్ చేతులు కట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడు. పాస్టరు బాగ్స్ కప్పు కోసం చందా అడిగాడు. ఈయన ముఖం కదల్లేదు. మిసెస్ గ్రబ్ వచ్చింది. "ఇంటిపేరు లేకపోతే సలాడా, కేకా?" అంది.

రెవరెండ్ భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత ఆయన కుర్చీ చేతులు పట్టుకుని, దగ్గొచ్చేదాకా, కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు.

"ఇది మన చర్చి కమిటీ డోలొరెస్ కదూ తల్లీ," అన్నాడు కూతురితో. "అచ్చం మన డోలొరెస్. ప్రభువే వచ్చినా సలాడ్ అడుగుతుంది."

వంటింటి దృశ్యం వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అది అయిపోయాక మళ్లీ వెనక్కి తిప్పించి చూశాడు.

"ఆ తుడిచే ఆవిడెవరు బాబూ?"

"మా అమ్మండీ."

రెవరెండ్ తలూపాడు. "ముప్ఫయ్యేళ్లుగా ఇదే చెప్తున్నాను, ఇంత బాగా ఒక్కసారీ చెప్పలేకపోయాను. ఏదీ, ఆ పెద్దమనిషి నంబరివ్వు."

ఫోన్లో ఆయనన్నది తక్కువే. "ప్రోక్టర్ గారా? హాస్కెల్ని. చూశాను, చాలా బావుంది. దీన్ని కత్తిరిస్తే మాత్రం మీరొచ్చి మా చర్చిలో అంట్లు తోమాల్సి ఉంటుంది."

ఆ భాగం వచ్చింది. తిట్లూ వచ్చాయి, ప్రోక్టర్ అన్నంత కాకపోయినా బాగానే వచ్చాయి. ఆ సాయంత్రమే ఒహాయో నుంచి ఫోనొచ్చింది.

"తప్పు గీశావురా," అంది ఎమెట్ వాళ్లమ్మ. "నేను తుడిచేదాన్ని కాదు, కడిగేదాన్ని. తుడిచిపెట్టడానికి పక్కనెవరూ ఉండేవారు కాదు."

"అందుకేనమ్మా, కడిగే పని ఆయనకిచ్చాను."

"చల్లగా ఉండరా నాయనా," అంది ఆవిడ. "ఆ పిల్లెవరో నిలబెట్టిందన్నావే, ఆ అమ్మాయీ చల్లగా ఉండాలి."

తర్వాతి ఆదివారం బేకర్స్‌ఫీల్డ్ చర్చిలో భోజనాలు. గుమ్మంలో డోలొరెస్ కూర్చుని ఉంది. ఎమెట్ వట్టి చేతులతో, కొరీన్ వెంట వచ్చాడు.

"ఇంటిపేరు?" అంది ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ.

ఎమెట్ నవ్వు ఆపుకోలేక నోరు తెరవలేకపోయాడు. లోపల్నుంచి రెవరెండ్ గొంతు వినిపించింది.

"హాస్కెల్ కింద రాసుకో డోలొరెస్. మావాడే."

కొరీన్ చెవులదాకా ఎర్రబడింది. అతని చెయ్యి పట్టుకుని వెనక వంటింట్లోకి లాక్కుపోయింది. తొట్టి నిండా గిన్నెలున్నాయి. ఎమెట్ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"మీ నాన్నగారు అన్నది విన్నావా?" అడిగాడు. 'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

"విన్నాను."

"అందులో కత్తిరించాల్సిందేమైనా ఉందా?"

ఆమె తువ్వాలు అందుకుని అతని పక్కకొచ్చి నిలబడింది.

"ఒక్క ముక్క కూడా లేదు," అంది. "నువ్వు కడుగు. నేను తుడుస్తాను."